స్టాండు తీయక ముందు

గుణుపురం ఆసుపత్రి షెడ్డులో ఇంకా తెల్లారలేదు.
సీటు మీద పావురాల రెట్ట.
పాత ఒడియా పేపరు ముక్కతో తుడిచి
ఎక్కి కూర్చుంటాను.
వెనక నీలం పెట్టె, ట్యూబు రబ్బరుతో మూడు చుట్లు కట్టి,
లోపల నాలుగు మంచు దిమ్మలు,
వాటి మధ్య కొండ మీది పిల్లల సీసాలు.
తాళం చెవి జేబులోనే ఉంది.
ఇప్పుడే వద్దు.

బండి నేర్పింది ఖగేశ్వర్, రైలు గేటు పక్క మెకానిక్కు.
మాట సగం ఒడియా, సగం తెలుగు,
బూతులు మాత్రం రెండింటిలోనూ పూర్తిగా వచ్చు.
"ముందల తలలో తోలు అక్కా,
తలలో పడితే మోకాలు చిట్లదు" అన్నాడు.
నవ్వాను.
భాద్రపదంలో ఆ నవ్వుకి వడ్డీ కట్టింది మోకాలే.

కళ్లు మూసుకుంటాను.
ఊరి చివర వరకు వంశధార పొగమంచు, లైటు కిందికి.
తరువాత చేపల సైకిళ్లు, వెనక ఎర్ర బిళ్ల లేనివి.
జీడితోటల దగ్గర ఆవులు.
తారు వెచ్చగా ఉంటుందని రోడ్డు మీదే పడుకుంటాయి,
హారను కొడితే చెవి కదుపుతాయి, అంతే.
వాటితో నాకు పేచీ లేదు, చుట్టూ తిప్పుకుంటాను.
ఘాటీ మొదలు. మూడో గేరు, రెండు.
మొదటి మలుపు ఎడమకి. చూపు రోడ్డు మీద కాదు,
రోడ్డు ఎటు పోతుందో అటు.
రెండు. మూడులో పనసచెట్టు వేరు. నాలుగు, ఐదు చిన్నవి.
ఆరు.

ఏడు దగ్గర తలలో బండి ఆగిపోతుంది.

అక్కడే సీసాలు తారు మీద దొర్లాయి.
ఆ బుధవారం పద్దెనిమిది మంది పిల్లలు
సూది లేకుండా ఇంటికి పోయారు.
వాళ్లు సంబరపడ్డారు.
నేను ఉత్తినే పడ్డాను.

ముందుగా వచ్చింది సుబాసి గొమాంగో, చంకలో పిల్లతో.
నన్ను లేపలేదు, బండిని లేపలేదు.
గొంతుకు కూర్చుని పగలని సీసాలు ఏరింది,
ఒళ్లో పోసుకుని లెక్కపెట్టింది,
తన పిల్లకి ఒకటి ఉందా అని అడిగింది.
ఉంది. కానీ ఎండకి వేడెక్కింది, ఇక వేయరు.
ఇదంతా సోర మాటల్లో ఎలా చెప్పాలో నాకు రాదు.
తల ఊపాను.
ఎటు ఊపానో ఇప్పటికీ తెలీదు.

మళ్లీ మొదటి నుంచి.
పొగమంచు, సైకిళ్లు, ఆవులు, పనస వేరు.
ఆరు.
మళ్లీ ఆమే, అదే ఒడి, అవే సీసాలు.

"బండి స్టార్టవట్లేదా మావుసీ?"
టీ కేటిల్ పట్టుకుని కునా.
"బండికేం రా, నేనే అవట్లేదు."
గ్లాసు చేతికిచ్చి నిలబడ్డాడు,
పైసలు అడగలేదు, పోలేదు కూడా.
వేళ్లు వణుకుతున్నది వాడు చూశాడు.
చలి, అన్నాను.
అవును చలే, అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మూడోసారి.
ఈసారి మలుపు దాటించాలని చూడను.
బండి పక్కకి ఆపి, దిగి,
ఆమె కూర్చున్న చోటికి నడిచి వెళ్తాను.
ఎవరూ లేరు.
వాన కొట్టుకొచ్చిన ఇసుక ఉంది,
గుప్పెడు గాజు పెంకులు ఉన్నాయేమో.
సుబాసి ఈ పాటికి ఉపకేంద్రం అరుగు మీద ఉంటుంది,
పొద్దున్నే కొండ దిగి, పిల్లకి పాలిస్తూ.
ఆ ప్రశ్నకి జవాబు నా తలలో లేదు.
నీలం పెట్టెలో ఉంది.

వెనక్కి చెయ్యి చాపి పెట్టె తాకాను.
ఇంకా చల్లగానే ఉంది.
నా కోసం ఎంతసేపు ఆగుతుంది గనక.

తాళం తిప్పాను. ఇంజను పలికింది.
మనకి లాగే ఒడియాలోనూ వెళ్తున్నాననరు.
"ఆసుచి రే కునా" అన్నాను,
వస్తానురా అని.
అద్దం సర్దుకుని, భుజాలు వదులు చేసుకుని,
చూపు దారి ఎటు పోతుందో అటు పెట్టి
ఎంతో నిబ్బరంగా గేరు వేశాను.

బండి ఠక్కున ఆగిపోయింది.

కునా కేటిల్ కింద పెట్టి మరీ నవ్వాడు.
ఇన్ని మలుపులు తిరిగొచ్చిన తల
స్టాండు సంగతి మరిచింది.
తీశాను.